మొదటి వరుస, ఆరో కుర్చీ

మొదటి వరుస ఆరో కుర్చీలో ఆవిడ మళ్ళీ కూర్చుని ఉంది.

ధాత్రికి ఒళ్ళు మండింది.

కెనడాలోని హామిల్టన్‌లో ఆ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్‌కి ధాత్రిని మించిన అభిమాని లేదు. ఆ మాట ధాత్రే చెప్పింది, చాలాసార్లు. టీమ్ పేరుతో ఫ్యాన్ పేజీ నడిపేది తను. పసుపు రంగు కోటు తొడుక్కుని, వచ్చినవాళ్ళకు సీట్లు చూపించే వాలంటీర్ తను. మృదుల పేరు, ఆమె ఏడో నంబరు రాసిన అట్ట ఎత్తి గొంతు పోయేలా అరిచేదీ తనే.

మృదుల అక్కడికి దగ్గర్లోని ఎటోబికోలో పెరిగిన పిల్ల. టీమ్‌లో ఒక్కగానొక్క తెలుగమ్మాయి. ఆ ఏడాది ఇరవై రెండు మ్యాచ్‌లు ఆడి ఇరవై ఒకటి గెలిచారంటే సగం పుణ్యం ఆమెదే.

అలాంటి మృదుల, మ్యాచ్ అవగానే ఎవరి దగ్గరకు రావాలి?

ఆరో కుర్చీ దగ్గరకు పోయేది.

ఆ కుర్చీలో ఆవిడకు యాభై ఐదేళ్ళుంటాయి. పాత నల్ల జాకెట్, చెవులకు మఫ్లర్. చప్పట్లు కొట్టదు, అరవదు. మృదుల రాగానే జేబులోంచి పల్లీపట్టీ తీసి చేతిలో పెడుతుంది. మృదుల ఆవిడ భుజం మీద తల వాల్చి నవ్వుతుంది.

ధాత్రికి మాత్రం, "థాంక్స్ ఫర్ కమింగ్." అంతే.

"ఎవరే ఆవిడ?" రూమ్మేట్ చాందిని అడిగింది.

"ఎవరో. తినడానికి పెట్టి మంచి చేసుకుంది. మొన్న నన్నే అడిగింది, బుట్టలో బంతి పడితే ఒకసారి రెండు, ఒకసారి మూడు ఎందుకేస్తారని. ఆట కూడా తెలీదు."

"అయితే నీకెందుకే అంత మంట?"

"మంటేం కాదు. ఊరికే చెప్తున్నా."

మంటే. మర్నాడే ఇండియన్ స్టోర్‌లో పల్లీపట్టీ ప్యాకెట్ కొనుక్కెళ్ళి మృదులకు ఇచ్చింది. మృదుల థాంక్స్ చెప్పి, దాన్ని టీమ్ మొత్తానికీ పంచేసింది.

ఫైనల్ కూడా సొంత కోర్టులోనే పడింది. జనం ఎక్కువని, మొదటి రెండు వరుసలూ విద్యార్థులకే అని కాగితం అంటించారు. అది చూడగానే ధాత్రికి పండగైంది.

"ఆంటీ, మీ స్టూడెంట్ కార్డు?"

"నాకేడిది బిడ్డా. మృదుల ఇచ్చిన టికెట్ ఉన్నది."

"ఇది జనరల్ టికెట్. మీరు పైన పద్దెనిమిదో వరుసలో కూర్చోవాలి."

"ఎప్పుడూ ఈడనే కూసుంట కద. ఈ ఒక్క దినం ఉండనియ్యరాదు? ఆ పిల్ల నన్ను చూస్కుంటది."

ఆ చివరి మాటతో ధాత్రిలో మిగిలిన కాస్త జాలీ పోయింది.

"రూల్ అంటే రూల్ ఆంటీ. ఇది కెనడా."

ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్ళిపోయింది.

మ్యాచ్ మొదలవగానే ధాత్రి పసుపు కోటు విప్పేసి ఆరో కుర్చీలో కూర్చుంది.

ఆఖరి మూడు సెకన్లు. మృదుల టీమ్ ఒక్క పాయింట్ వెనక. ఎదుటి టీమ్ అమ్మాయి తోసినందుకు మృదులకు రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డు రాకుండా వేసుకునే బంతులు, పడినదానికల్లా ఒక పాయింట్. ఆ సీజన్‌లో మృదుల వరుసగా నలభై వేసింది.

మృదుల బంతి పట్టుకుని ఆరో కుర్చీ వైపు చూసింది.

ఇన్నాళ్ళకు నన్ను చూసింది, అనుకుంది ధాత్రి. అట్ట ఎత్తి ఊపింది.

మృదుల చూపు అక్కడ ఆగలేదు. పక్క కుర్చీ, ఆ పక్క కుర్చీ, వెనక వరుస. రిఫరీ తొందరపెట్టాడు.

మొదటి బంతి రింగుకు తగిలి బయటికి పోయింది.

రెండోదీ అంతే.

ఏప్రిల్లో ధాత్రి తన పేజీలో పోల్ పెట్టింది. టైటిల్ రాకపోయినా మీకు బాగా ఇష్టమైన సీజన్ ఏది? ముప్పావు వంతు మంది ఈ ఏడాదే అన్నారు. ఆ రెండు బంతులు పడి ఉంటేనా అని కింద రాయనివాళ్ళు లేరు.

పేజీ కోసం ఒక మాట చెప్పమని ధాత్రి మృదులను క్యాంటీన్‌లో కలిసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు.

"ఆ రోజు ఏమైంది మృదులా?"

"ఐ లాస్ట్ మై కౌంట్. ఎల్లమ్మ ఆంటీ కనిపించలేదు. ఆ నాయిస్‌లో ఆంటీ కౌంట్ వినపడదు కదా, నేను ఎప్పుడూ ఆంటీ లిప్స్ చూసి వేస్తా."

ధాత్రి కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"ఎందుకు కనిపించలేదని అడిగావా?"

"అడిగా. 'నాకే లేటైంది బిడ్డా, అందుకే పైన కూసున్న' అంది."



"ఆవిడ ఇప్పుడెక్కడ?"

"ఎడ్మంటన్. ఇక్కడ కాంట్రాక్ట్ అయిపోయింది. లాస్ట్ వీక్ కూతురి దగ్గరకి వెళ్ళిపోయింది."

"ఏం కాంట్రాక్ట్?"

"నీకు తెలీదా? త్రీ ఇయర్స్, ఎవ్రీ మార్నింగ్, టూ హండ్రెడ్ షాట్స్." మృదుల ఫోన్‌లో ఒక పాత వీడియో తెరిచి ధాత్రి ముందు పెట్టింది.

ఉదయం ఆరు గంటల ఖాళీ జిమ్‌లో, తుడుస్తున్న మాప్‌ను గోడకు ఆనించి, క్లీనింగ్ కంపెనీ నీలం యూనిఫాంలో బుట్ట కింద నిలబడి, మృదుల వేసిన ఒక్కొక్క బంతినీ పట్టి తిరిగి విసురుతూ, ఆట తెలియని ఎల్లమ్మ అంటోంది: "ఒకటి, రెండు, ఇగ ఎయ్యి బిడ్డా."