రెండు వేళ్ల పొడవు

“ఈ బండి చేసిన కంపెనీయే కాలం చేసింది మాస్టారూ, పైపులు నేనెక్కడినుంచి తెచ్చేది?” అన్నాడు విడిభాగాల దుకాణదారు.

లెక్కల మాస్టారి ముఖం వాడిపోయింది.

ఇరవై ఏడేళ్ల కారు. ముందు చక్రాలకు బ్రేకు ఆయిలు అందించే రెండు రబ్బరు పైపులూ బీటలు వారాయని మెకానిక్ నిన్ననే చూపించాడు. శుక్రవారం ఉదయం పదింటికి భార్యకు కంటి ఆపరేషన్. కంటి లోపలి పొర ఊడుతోందనీ, తలకు కుదుపు తగిలితే చూపు దక్కదనీ డాక్టరు మరీమరీ చెప్పాడు. ఆసుపత్రి కొండ దిగువన ఉంది. దారిలో పద్నాలుగు మలుపులు. బస్సు మాట తలచుకుంటేనే మాస్టారికి గుండె జారిపోయేది.

దుకాణదారు అటక మీద వెదికి, వేరే కారు పైపులు రెండు దించాడు. ఇవి చక్కగా పడతాయన్నాడు.

బల్ల చివర నిలబడ్డ ముసలివాడొకడు అడగకుండానే ఒక పైపు అందుకున్నాడు. మాసిన చొక్కా, నల్లబడ్డ వేళ్లు. జేబులోనుంచి ముడులు వేసిన తాడు తీసి పైపు పక్కన పెట్టి చూశాడు.

“రెండు వేళ్లు తక్కువ బాబూ. చక్రం తిన్నగా ఉన్నంతసేపు చాలుతుంది. పూర్తిగా తిప్పితే చాలదు.”

“లెక్కల మాస్టారికే కొలతలు నేర్పుతున్నాడు చూడండి,” అని నవ్వాడు దుకాణదారు. ఎక్కడివాడో తెలియదనీ, వచ్చిన బేరమల్లా చెడగొడతాడనీ, తరిమి తరిమి తానే అలిసిపోయాననీ చెప్పాడు.

ముసలివాడు అదేదీ విననట్లు, కొండ ఎప్పుడు దిగుతున్నారనీ, ఇల్లెక్కడనీ అడిగాడు. మాస్టారు రోజు చెప్పి, ఇల్లు చెప్పబోయి ఆగాడు. ఆ చూపులోని ఆత్రం ఆయనకు నచ్చలేదు.

పైపులు తీసుకుని బయటకు వచ్చేసరికి ముసలివాడు కారు ముందు చక్రం వెనక చెయ్యి దూర్చి కూర్చుని ఉన్నాడు. మాస్టారు గద్దించాడు. వాడు తాడుకు ఇంకొక ముడి వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం మెకానిక్ కారును జాకీ మీద లేపి, చక్రాలు తిన్నగా ఉంచి పైపులు బిగించాడు. పెడల్ తొక్కితే రాయిలా నిలిచింది. మాస్టారి మనసు సగం కుదుటపడింది.

శుక్రవారం తెల్లవారుతుండగా తలుపు తీసిన మాస్టారికి కారు కిందనుంచి బయటకు వచ్చిన రెండు పాదాలు కనిపించాయి.

కేక పెట్టాడు. వీధి వీధంతా లేచింది. పొరుగువారు కాళ్లు పట్టి ఈడ్చితే ఆ ముసలివాడే. చేతిలో స్పానరు, పక్కన గుడ్డసంచి. ఊళ్లో అలాంటి కారు ఇంకొకటి లేదు. వాడికి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు.

“ఒక్క అరగంట ఇవ్వండి బాబూ. ఆ పైపులు మార్చనివ్వండి.”

తాడును చూసి పామని బెదిరినవాడికి ఏ మాటా చెవికెక్కదు. బ్రేకులు పాడుచేయబోయి దొరికిపోయాడని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. కానిస్టేబుల్ వచ్చి తీసుకుపోతూ, సంచి సాక్ష్యమనీ, సాయంత్రం స్టేషనుకు తెమ్మనీ చెప్పాడు. మాస్టారు దాన్ని విప్పడానికైనా భయపడి డిక్కీలో పడేశాడు.

మెకానిక్ ఫోన్ ఎత్తలేదు. వ్యవధి లేదు. పెడల్ గట్టిగానే ఉంది, కింద ఆయిలు కారిన జాడ లేదు. భార్యను వెనక సీట్లో దిండ్ల మధ్య పడుకోబెట్టి, భగవంతుడి మీద భారం వేసి బయలుదేరాడు.

బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ రెండు పాదాలే కళ్లముందు కదిలాయి. వాడు ఏం వదులు చేశాడో, ఎక్కడ కోశాడో.

“ఎన్నో మలుపు?” అని అడిగింది భార్య, కళ్లు మూసుకునే.

“ఎనిమిది అయింది. కదలకు.”

తొమ్మిదోది అన్నిటికన్నా ఇరుకు. స్టీరింగు చివరికంటా తిప్పాడు. కింద ఎక్కడో టప్పుమంది. పెడల్ అడ్డులేకుండా నేలకంటింది.

హ్యాండ్‌బ్రేకు లాగాడు. కారు లోయ అంచుకు జారుతూ అక్కడున్న కంకర కుప్పలో ముక్కు దూర్చి, దూదిలో దిగినట్లు ఆగింది.

“నా తల కదల్లేదు,” అంది భార్య.

వెనక వస్తున్న లారీ డ్రైవరు దిగి, కారు కిందకు దూరాడు. ఎవడో కోశాడని మాస్టారు చెప్పాడు.

“కోత కాదు సార్. కోస్తే అంచు నున్నగా ఉంటుంది. ఇది సాగి సాగి తెగింది. పైపు పొట్టిది.”

మాస్టారు డిక్కీ తెరిచి సంచి విప్పాడు. రెండు కొత్త పైపులు. వాటికి చుట్టిన ముడుల తాడు. ఒకదాన్ని, డ్రైవరు ఊడదీసిన తెగిన పైపు పక్కన పెట్టాడు. సరిగ్గా రెండు వేళ్లు ఎక్కువ.

డ్రైవరు తన దగ్గరున్న బ్రేకు ఆయిలు పోసి వాటిని బిగించాడు. ఈ కుప్ప లేకపోతే ఏమయ్యేదని మాస్టారు గొణుక్కుంటుంటే, అతడు ఆ తాడును వేలికి చుట్టి చూస్తూ అన్నాడు:

“ఈ కంకర ఒక ముసలాయన పోసింది సార్. ఆదివారం ఆదివారం గోనెసంచుల్లో మోసుకొస్తాడు. ఎన్నిసార్లో లారీలో ఎక్కించుకున్నాను. ఎందుకయ్యా అంటే చెప్పడు. ఇలాంటి తాడే తీసి ముడులు తడుముకుంటాడు.”

మాస్టారు స్టేషనుకు ఫోన్ చేశాడు. పొరపాటు తనదేననీ, ఆయన్ను వెంటనే వదిలిపెట్టమనీ వేడుకున్నాడు.

“ఎట్లా వదిలేది సార్?” అన్నాడు కానిస్టేబుల్. “మేమేం అడగకముందే ఒప్పుకున్నాడు. చక్రం తిన్నగా ఉంచి, చాలుతుందిలే అని పొట్టి పైపు బిగించాడట, తొమ్మిదో మలుపులో మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోయారట. కాకపోతే ఆ కారు మీది కాదట, పదకొండేళ్ల కిందటిదట.”