మోకాలెత్తు కెమెరా

ఆ ఆదివారం పొద్దున మోతెలోని ఆ ఇంట్లో లెక్కకు నలుగురు ఉన్నారు. వాకిట్లో మంచం మీద తాత గౌరయ్య. చాటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తున్న నానమ్మ జంగమ్మ. ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని, మోగితే ఏం మాట్లాడాలా అని అటూ ఇటూ తిరుగుతున్న మనవరాలు ప్రశాంతి. నానమ్మ పక్కనుంచి కదలని రమ్య.

ఫోన్ హైదరాబాద్ నుంచి రావాలి. అక్కడ వీడియో గేములు తయారుచేసే ఒక కంపెనీ పోటీ పెట్టింది. పల్లెటూరి ఇంటిని ఎక్కడా కట్ చేయకుండా రెండు నిమిషాలు తీసి పంపాలి. నచ్చితే వేసవి సెలవుల్లో రెండు నెలలు కట్‌సీన్ల పని నేర్పుతారు. ప్రశాంతికి ఈ లోకంలో కావలసింది అదొక్కటే.

కట్‌సీన్ అంటే ఆట మధ్యలో వచ్చే చిన్న సినిమా. అది నడుస్తున్నంతసేపు నొక్కడానికి ఏమీ ఉండదు, చూడటమే. ప్రశాంతి పుట్టి బుద్ధెరిగాక ఒక్క గేమూ ఆడలేదు. యూట్యూబ్‌లో కట్‌సీన్లు మాత్రం చూస్తుంది.

"అందరు స్కిప్ కొట్టేదాన్ని నువ్వు పనిగట్టుకొని సూస్తవా?" అని సూర్యాపేటలో సెల్ షాపు నడిపే అన్న వినయ్ నవ్వుతాడు.

ఆ కట్‌సీన్లన్నిటిలో ఆమెకు కనిపించేది తన అభిమాన సినిమా దర్శకుడి కెమెరా. మనిషి వెనకే మోకాలెత్తులో నడిచే కెమెరా. ఉన్నట్టుండి ఆగి, కిందినుంచి ముఖంలోకి చూసే కెమెరా. మనిషి ఏడుస్తుంటే పక్కకు తిరిగి, ఏదో వస్తువు మీద నిలిచిపోయే కెమెరా. డైరీ నిండా అవే బొమ్మలు. డైరీలో ఆమె గొప్ప డైరెక్టర్. బయట, కిరాణా కొట్లో అగ్గిపెట్టె అడగాలన్నా చీటీ రాసుకుపోతుంది.

వీడియో తీసే రోజు నేల మీద సుద్దముక్కతో గీతలు గీసింది. ఫోన్ పట్టుకుని, సగం కూర్చుని సగం లేచి, నానమ్మ వెనక నడిచింది. తొమ్మిదిసార్లు. తొమ్మిదిసార్లూ బొమ్మ ఊగింది. రెండుసార్లు డైరెక్టరే పడింది.

"కప్ప లెక్క ఏం దుంకుడే గది?" అంది జంగమ్మ.

చివరికి మోకాళ్లు పట్టేసి, చున్నీతో ఫోన్‌ను రమ్య మెడలో కట్టి, గోడకు ఆనుకుని కూలబడింది. ఇంట్లో అందరికంటే చిన్నది రమ్య. పుట్టగానే తల్లి పోతే జంగమ్మే పాలు తాపి బతికించింది. ఆమె ఎటు పోతే అటు పోవడం తప్ప రమ్యకు వేరే పని లేదు.

రమ్య మెడలోంచి వచ్చిన ఆ వీడియోనే పోటీకి పంపి, ప్రశాంతి డైరీలో ఒకే మాట రాసింది. 'ఏమీ చదవని రమ్యకు వచ్చింది. రెండు డైరీలు నింపిన నాకు రాలేదు.'

ఫోన్ మోగింది. ఎత్తబోయి ప్రశాంతి స్పీకర్ నొక్కేసింది.

"నేను వనితనమ్మా, వీడియోలు చూసేది నేనే. మాది కోదాడే, భయపడకు. నీ వీడియో ఆఫీసులో అందరం నాలుగుసార్లు చూశాం. పోయిన చెల్లెలి సంగతి చెబుతూ మీ నానమ్మ ఏడుస్తుంటే, కెమెరా వెళ్లి చిక్కుడుకాయల మీద ఆగింది చూడు. మావాళ్లకి అంత ధైర్యం లేదు. నువ్వే తీశావా?"

ఒక్క 'అవును' చాలు. డైరీలో అయితే అనేసేది.

"నేను కాదు మేడం. రమ్య తీసింది."

"అంత కిందినుంచి ఎలా తీసింది?"

"పొట్టిగ ఉంటది మేడం."



"నిజం చెప్పావు, సంతోషం. కానీ మా దగ్గర ఉన్నది ఒక్క సీటేనమ్మా. రమ్యనే పంపండి. ఓసారి ఫోన్ తనకిస్తావా?"

"మేడం, రమ్య... ఎక్కువ మాట్లాడదు."

మంచం మీద గౌరయ్య దగ్గుతూ నవ్వాడు. "పోనియ్యరాదే. మనింట్ల ఒక్కలన్న పట్నం సూడాలె."

"గాడ దానికి పాలెవలు తాపుతరు?" అంది జంగమ్మ.

అని లేచి, చాటలో మూతి పెట్టి చిక్కుడుకాయలు నములుతున్న రమ్యను రెండు చెవులూ పట్టి లాక్కెళ్లి, దొడ్లో మిగతా గొర్రెపిల్లల మధ్యకు తోసి, తడిక తలుపు మూసేసింది.