తెగని బేరం

పాత కార్లు కొనే నా దగ్గరికి ఓ పెద్దాయన ప్రతి సోమవారం తన కారు అమ్మకానికి తెస్తాడు. టైర్లు తన్ని, బానెట్ ఎత్తి చూసి నేనో ధర చెబుతాను.

“సింగిల్ హ్యాండ్ బండయ్యా! నేను తప్ప ఇంకో మనిషి ఎక్కింది లేదు. ఆ ధరకి చక్రాలు కూడా రావు!” అంటూ కుర్చీ లాక్కుంటాడు.

టీ తాగుతూ ఇద్దరం గొంతు చించుకుంటాం. బేరం తెగదు.

ఈసారి నాకు విసుగొచ్చింది. లెక్క వేస్తే ఆయన అడిగేది న్యాయమైన ధరే.

“సరే బాబాయ్, మీ మాటే ఖాయం. తాళాలివ్వండి.”

ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

“మరి వచ్చే సోమవారం నేనెక్కడికి పోను?”

నేను మళ్ళీ బానెట్ ఎత్తి చెవి పెట్టాను.

“అబ్బే, ఏదో చప్పుడొస్తోంది బాబాయ్! ఈ ధర కుదరదు.”

ఇంజన్ ఇంకా స్టార్టే చేయలేదు.