పన్ను కానుక

ఇంత పిసినారి మామగారు ఈ కొండల్లో ఇంకెవరికీ దొరకడని మార్యా నమ్మకం. మనవరాలికి మొదటి పన్ను వస్తే తాత ఒక ఆడ రెయిన్‌డీర్‌ను ఇవ్వాలి. అది ఆచారం. ఈయనేమో వెండి చెంచా తెచ్చాడు!

పిల్లను చంకనేసుకుని నేరుగా దొడ్డి దగ్గరికే వెళ్ళింది.

"మామయ్యా, చెంచా దూడల్ని ఈనుతుందా?"

మామగారు ఆంతా నవ్వలేదు. మందలో సగాన్ని కబేళా లారీ ఎక్కిస్తున్నాడు.

"ఆ తెల్లదాన్ని దించండి. ఇది పిల్లదని దాని చెవికి గాటు గుర్తు నేనే పెడతాను."

"వద్దమ్మా."

"మీ అబ్బాయి పన్నుకి ఇచ్చారుగా! నా కూతురంటేనే చేదా?"

"వాడికి ఇచ్చినప్పుడు మేత కూడా ఇచ్చాను." ఆయన కొండకేసి చూశాడు. చలికాలపు మేతభూమి నిండా గాలిమరలు తిరుగుతున్నాయి. అవి వచ్చాక మంద అటువైపు అడుగే పెట్టలేదు. "దీన్నెక్కడ మేపుతుంది, ఈ పిల్ల?"

గాలిమరలు వద్దని ఊరంతా మంచులో బైఠాయించిన రోజు మార్యా ఈయన్నీ రమ్మని బతిమాలింది. ‘జంతువులు అలవాటు పడతాయిలే’ అంటూ ఈయన ఇంట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాడు. ముసలి కాపరే అన్నాడని కంపెనీవాళ్ళు ఆ మాటను కోర్టుదాకా మోసుకెళ్ళారు.

లారీ తలుపు మూసుకుంది. పిల్ల తాతకేసి చేతులు చాచింది. ఆయన ఎత్తుకోలేదు.

"అలవాటు పడతాయన్నానే తల్లీ," అన్నాడు పిల్లతోనే, మార్యాకూ వినబడేలా. "తప్పు చెప్పాను. తప్పు నాదే."