బాకీ టెంకాయ

ఆ రోజు బస్సును ఆపింది ఆంజనేయస్వామా, తన కుడికాలా? తిప్పేస్వామికి ఇరవై ఏడేళ్లుగా ఇదే అనుమానం.

అప్పుడాయన ఆర్టీసీ డ్రైవరు. కంబదూరు దారిలో మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెల మంద. “స్వామీ, ఆపు! టెంకాయ కొడతా” అని మొక్కుకుంటూనే బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది. జనం దిగి, స్వామి గుడి ఉన్న కసాపురం దిక్కుగా దండాలు పెట్టారు. కండక్టరు అద్దం మీది స్వామి పటానికి పూలు పెట్టాడు. తిప్పేస్వామి కాలి వంక చూసినవాడు లేడు. గొర్రెలు మాత్రం ఎవరికీ దండం పెట్టకుండా దాటిపోయాయి.

ఆ ఉక్రోషంతో ఆయన మొక్కిన టెంకాయ కొట్టలేదు. ఏటా చెప్పుల్లేని కాళ్లతో కసాపురం వెళ్లి ఇంటిల్లిపాది పేరునా కొట్టాడు గానీ, ఆ ఒక్కటి బాకీ ఉండిపోయింది.

ఈ ఏడు కొత్త కారులో ప్రయాణం. పొద్దున్నే అనంతపురంలో ఇంటి ముందు పూజ మొదలైంది. తిప్పేస్వామి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అద్దానికి మిరపకాయల దండ కట్టాడు.

“నాయనా, ఈ కారుకు కన్నుండాది తెలుసా?” కొడుకు భరత్ కారు ముక్కు మీది కంపెనీ గుర్తును తట్టాడు. “ఈడ, దీని ఎనకాల రాడారు. ముందు బండి ఎంత దూరముండాదో చూసి, స్పీడు అదే తగ్గిస్తాది, అదే పెంచుతాది. డ్రైవరు ఉత్తగా కూర్చుంటే సాలు.”

“దిష్టి తగిలేది కంటికే కదప్పా,” అంటూ తిప్పేస్వామి అక్కడ పిడికెడు తడి పసుపు మెత్తి, నడిమధ్యన రూపాయంత బొట్టు పెట్టాడు.

అసలు సంగతి కారు కాదు, తాళం. కోడలు ఇంద్రాణికి విడపనకల్లు హైస్కూలుకు బదిలీ అయింది. రెండు బస్సులు మారి చేరేసరికి రోజూ మొదటి పీరియడు పోతోంది. కారు ఇస్తే తానే నడుపుకుంటూ వెళ్తానంది. మామ రెండు తాళాల్లో ఒకటి ఇచ్చి, రెండోది మొలలో దోపుకున్నాడు. “కసాపురం దాకా నడిపి సూపించు. బాగుంటే తాళం నీది. లేకుంటే ఆ బస్సులే గతి,” అన్నాడు.

అందుకే ఇవాళ స్టీరింగు ముందు ఇంద్రాణి, పక్క సీట్లో మామ, వెనక భరత్, అత్త నారాయణమ్మ.

“ఆడపిల్ల ఒక్కతే అంత దూరం నడిపేదంటే...” నారాయణమ్మ గొణిగింది.

“ఆమె యాడ నడుపుతాదిమా? కారే నడుపుతాది,” భరత్ నవ్వాడు. హైవే ఎక్కగానే వెనక నుంచి అరిచాడు. “ఇంద్రా, రాడారు బటను నొక్కినావా?”

“నొక్కినా.”

“ఎదురుగా అదేందో దీపం ఎలుగుతాండాదే?” మామ అడిగాడు.

“కొత్త బండి కదా మామా. ఏందేందో ఎలుగుతాంటాయి.”

“ఇంక కాళ్లు ఎనక్కి ముడుచుకో,” అన్నాడు భరత్.

“కంపెనీ పుస్తకంలో అట్ల రాయలేదు. ముందు పోయే బండినైతే చూస్తాదంట. ఆగిపోయిన బండిని, అడ్డమొచ్చే మేకను చూడకపోవచ్చంట. కాలు బ్రేకు దగ్గరే ఉండాలంట.”

“ఆ పుస్తకం ఎవురు సదువుతారు? నేను వీడియో చూసినా.”

గార్లదిన్నె దగ్గర ముందున్న లారీ నెమ్మదించింది. కారూ మెత్తగా నెమ్మదించింది. లారీ వేగం పెంచితే కారూ పెంచింది.

“చూసినావా నాయనా! మనిషన్నోడు ఇంత మెత్తగా తొక్కుతాడా? నువ్వు బ్రేకేస్తే కంబదూరు బస్సులో ముసలోళ్ల పండ్లు రాలేవి.”

తిప్పేస్వామి తల వంచి స్టీరింగు కిందికి చూస్తున్నాడు.

“రోడ్డు చూడు నాయనా. కిందేముండాది?”

“చెప్పు యాడో పోయిందిరా. ఎతుక్కుంటాండా.”

పామిడి దాటాక లారీ ఉన్నట్టుండి పక్కకు తప్పుకుంది. ఎదురుగా, కాయలు రాల్చిన వేరుశనగ కట్టె ఆకాశమంత ఎత్తు నింపుకుని, రోడ్డు మీదే నిలబడిపోయిన ట్రాక్టరు.

“ఆంజనేయా!” నారాయణమ్మ కేక పెట్టింది.

కారు ముందుకు తూగి, ట్రాక్టరుకు మూరెడు దూరంలో ఆగింది.

“స్వామే ఆపినాడు,” నారాయణమ్మ చెంపలేసుకుంది.

“స్వామి కాదుమా, రాడారు! అన్ని దుడ్లు ఊరికే పోసినామా?” భరత్ ముందు సీటును పట్టుకున్న చెయ్యి వదల్లేదు. “ఆగిన బండిని చూడదన్నావే ఇంద్రా? ఎట్ల చూసిందో చూడు!”

ఇంద్రాణి నుదుటి చెమట తుడుచుకుంది. కారును పక్కకు తీసి ముందుకు పోనిచ్చింది. తిప్పేస్వామికి పాత గొర్రెల మంద కళ్ల ముందు కదిలింది. దండాల్లో సగం స్వామికి, సగం రాడారుకు పోయాయి.

కసాపురంలో ఆయన టెంకాయలు ఒకటి ఎక్కువ కొన్నాడు.

“ఇదెవురి పేరున?” నారాయణమ్మ అడిగింది.

“కంబదూరు గొర్రెలది.”

“ఇన్నేండ్లకా?”

“స్వామికి కోపమొస్తే రానీ అని మొండికేసినా. ఆయప్ప ఓపిక పట్టినాడు, నేనే పట్టలేదు,” అంటూ రాతి మీద ఒక్క దెబ్బకు టెంకాయ పగలగొట్టాడు.

తిరిగి కారు దగ్గరికొచ్చి, ఒక చిప్పను, మొలలోని రెండో తాళాన్ని ఇంద్రాణి చేతిలో పెట్టాడు.

“రేపట్నుంచి విడపనకల్లుకు నువ్వే పోయిరా.”

“చూసినారా, రాడారు పాసయింది!” భరత్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

తిప్పేస్వామి భుజం మీది తువ్వాలు తీసి కోడలికి అందించాడు.

“కారు ముక్కు మీది పసుపు తుడువు బిడ్డా, పొద్దున్నుంచి ఆ రాడారు గుడ్డిదే.”