ఆమె చేతి రొట్టె

"లోపలికి రాన్లేమ్మా. ఇక్కణ్ణుంచే చెప్పేసి వెళ్తాను" అన్నాడు సుధాకరరావు. ఆంగ్ మో కియో పేటలో రాజకుమారి ఫ్లాటు ఇనప గేటుకి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. మొహానికి మాస్కు. చాలదన్నట్టు దాని మీద చెయ్యి.

"వందనాలు అంకుల్. అక్కడే ఉండండి, నేనూ అదే చెప్పబోతున్నా" అంది రాజకుమారి, గేటు తీయకుండానే.

సింగపూర్ అంతా సార్స్ అనే అంటుజ్వరానికి హడలిపోతున్న రోజులవి. రాజకుమారి నర్సు. ఆ జ్వరం రోగుల వార్డులోనే డ్యూటీ. తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రతి ఆదివారం ఆరాధనలో అందరూ తలా ఓ ముక్క తినే ప్రభువు బల్ల రొట్టె చేసేదీ ఆమే. సంఘం నిండా సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఎదురుపడి నోరు విప్పినవాడు ఒక్కడూ లేడు గానీ, వారం రోజులుగా ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు. ఆమె చేతి రొట్టె మాకొద్దు, అసలామె రావొద్దు అని. మొదటి ఈమెయిలు ఎవరిదంటారా? సంఘపెద్ద సుధాకరరావుగారిదే! అందుకే వెళ్లి చెప్పే పని కూడా ఆయన మెడకే చుట్టుకుంది.

"ఏం లేదమ్మా... ఈస్టర్ వస్తోంది కదా..." నీళ్లు నమిలాడు. "పిల్లలు గలవాళ్లు భయపడుతున్నారు. నాకేం భయం లేదనుకో. కానీ మా ఇంట్లో మూడు నెలల మనవడున్నాడాయె. ఈ గొడవ సద్దుమణిగేదాకా నువ్వు ఆరాధనకి రాకుండా... ఆ రొట్టె కూడా..."

"నేను రెండు ఆదివారాల నుంచీ రావట్లేదు కదంకుల్. మీరు చూడలేదా?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. వారమంతా ఆమె గురించే రాసుకున్నారు గానీ, ఆమె కుర్చీ ఖాళీగా ఉందని ఒక్కరికీ తట్టలేదు.

"మరి... రొట్టె?"

"మన సంఘంలో బాలనాగమ్మ ఆంటీ చేస్తోంది. ఫోన్లో నేర్పించా. మొన్నటిది కాస్త గట్టిగా వచ్చిందని ఒకటే బాధపడుతోంది. తిన్నారుగా, బాగానే ఉందా అంకుల్?"

సుధాకరరావుకి తల కొట్టేసినట్టయింది. మొన్న ఆదివారం ఆయన ఆ ముక్క తిననే లేదు. అందరితో పాటు కళ్లు మూసుకుని, నోటిదాకా తీసుకెళ్లినట్టు చేసి, జేబురుమాల్లో చుట్టి, బయటికొచ్చాక చెత్తడబ్బాలో పడేశాడు. అరవై ఏళ్ల మనిషి చేసే పనేనా అది!

"బాగుందమ్మా" అని గొణిగాడు. అక్కడితో ఆగొచ్చుగా? నోరు ఊరుకోలేదు. "మా అమ్మాయి కల్పన కూడా మీ ఆసుపత్రిలోనే నర్సు అనుకో. కానీ తనది ప్రసూతి వార్డు. వేరే బిల్డింగు. అందుకని మమ్మల్నెవరూ ఏమీ అనలేదు."

"అవునంకుల్, అది వేరే బిల్డింగే. తనకేం కాదు, మీరేం బెంగపెట్టుకోకండి" అంది రాజకుమారి.

కోపం తెచ్చుకుని నాలుగు దులిపేసినా బాగుండు, తలొంచుకుని వెళ్లిపోయేవాణ్ణి అనుకున్నాడు. ఇక ఒక్క క్షణం అక్కడ నిలబడలేకపోయాడు.

"వస్తానమ్మా."

"అదేంటంకుల్, ప్రార్థన చేయకుండానే వెళ్తారా?"

ఏ విశ్వాసి ఇంటికెళ్లినా అరగంట ప్రార్థన చేయందే గడప దాటని మనిషాయన. గత్యంతరం లేక కళ్లు మూసుకున్నాడు. "ప్రేమగల తండ్రీ..." అన్నాడు. అంతే, ఆ తర్వాత ఒక్క మాట పెగల్లేదు. కాసేపు చూసి ఆ ప్రార్థన రాజకుమారే అందుకుంది. కల్పన కోసం, కల్పన బిడ్డ కోసం, సంఘంలో భయపడుతున్న ఒక్కో ఇంటి కోసం పేరుపేరునా వేడుకుంది. తన ఊసే ఎత్తలేదు. చివర్లో ఆమెన్ అనడానికి సుధాకరరావుకి మొహం చెల్లలేదు. తలొంచుకుని లిఫ్టు వైపు గబగబా నడిచాడు.

జేబులో ఫోను మోగింది. కూతురు కల్పన.

"ఎక్కడున్నారు నాన్నా?"

"రాజకుమారి ఇంటి దగ్గరమ్మా. ఇప్పుడే... మాట్లాడి వస్తున్నా."

 

"చాలా మంచి పని చేశారు నాన్నా. థాంక్స్ చెప్పారా? ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని రాజకుమారి అక్క నా దగ్గర మాట తీసుకుంది. మరి మీకెవరు చెప్పారు, ఆ వార్డు డ్యూటీ పడింది నాకని, పాలు తాగే బిడ్డ తల్లివి నువ్వెళ్లొద్దని నా బదులు అక్క వెళ్లిందని?"