రెండువందలవ ఖోఖా

"ఒకటి తక్కువ, సాబ్," అన్నాడు హవల్దార్ పున్నారావు.

"మళ్ళీ లెక్కపెట్టు," అన్నాడు సుబేదార్ సుభానీ.

మూడోసారి లెక్కపెట్టినా అంతే. పిడుగురాళ్ల పక్కన వదిలేసిన సున్నపురాయి క్వారీ గుంటలో ఆ పూట నలభైమంది ఎన్‌సీసీ పిల్లలకు తలా అయిదు తూటాలు ఇచ్చి కాల్పించారు. మొత్తం రెండువందలు. తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని సైన్యంలో ఖోఖా అంటారు. ఎన్ని తూటాలు ఇస్తే అన్ని ఖోఖాలు తిరిగి పెట్టెలో పడాలి. ఒక్కటి తగ్గినా ఎంక్వైరీ తప్పదు. ఎంక్వైరీ నడుస్తుంటే ప్రమోషన్ ఆపేస్తారు. పున్నారావు నాయబ్ సుబేదార్ అయ్యే కాగితం వచ్చే నెలే రావాలి.

"మొదటి నాలుగు బ్యాచ్‌లవీ సరిపోయినయ్. పోతే ఆఖరి ఎనిమిదిమంది దగ్గరే పోయుండాలి," అన్నాడు సుభానీ రిజిస్టర్ తిరగేస్తూ.

బ్యాచ్‌కో లెక్క, బ్యాచ్ లేవగానే ప్రతి తుపాకీ బోల్టు తీసి లోపల చూడటం, ఇవన్నీ రెండు నెలల కిందట వచ్చిన ఈ సాబ్ పెట్టిన కొత్త పద్ధతులు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఇంత చాదస్తం చూడలేదని పున్నారావు లోలోపల సణుక్కుంటూనే ఉన్నాడు.

పిల్లల్ని వరసగా వంగోబెట్టి నేలంతా వెతికించారు. జేబులు తిరగేయించారు, బూట్లు విప్పించారు. తెల్లటి రాతిపొడిలో ఇత్తడి ముక్క కనపడకపోవడమేమిటో అర్థం కాలేదు. పైన రోడ్డు మీద బస్సు డ్రైవరు ఆగకుండా హారన్ కొడుతున్నాడు. గంట గడిచింది.

"సాబ్, పిల్లలకి చానా ఆలస్యమవుతోంది. వాళ్ళ ఇళ్ళల్లో కంగారు పడతారు," అన్నాడు పున్నారావు.

"ఇంకో పావుగంట చూద్దాం. దొరక్కపోతే దొరకలేదనే రాస్తా. కింద నీ పేరూ నా పేరూ రెండూ ఉంటయ్. దాచిపెట్టేదేముంది?"

దాచిపెట్టేది పున్నారావు జేబులోనే ఉంది. ఎప్పుడో పాత కాల్పుల్లో పోయి, తర్వాత మట్టిలో దొరికిన రెండు ఖోఖాలు. పాత హవల్దార్లందరూ ఇలాంటి అవసరానికే ఒకటో రెండో దగ్గర పెట్టుకునేవారు. పున్నారావు జేబులో చెయ్యి పెట్టాడు. పక్కకి తిరిగి ఒకదాన్ని ప్యాంటుకి రుద్దాడు. ఓ రాయి దగ్గర వంగి, గట్టిగా కేక పెట్టాడు.

"దొరికింది సాబ్!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. సుభానీ ముఖం వెలిగింది. "బతికించావయ్యా! ఇదిగో, నీ చేత్తోనే రాయి," అని రిజిస్టర్ అతని ముందు పెట్టాడు. పున్నారావు రెండువందలని రాసి సంతకం చేశాడు. గుండెల మీద నుంచి క్వారీ రాయి దించినట్టయింది.

"ఎట్టాగూ ఆలస్యమయింది. ఇంకో పది నిమిషాలుండి గురి కుదరని పిల్లల సంగతి చూద్దాం," అన్నాడు సుభానీ. "తుపాకులన్నీ ఖాళీయేగా? బోల్టు తీసి చూశావా?"

"చూశా సాబ్. ఖాళీ."

"నువ్వు చూస్తే నేను చూసినట్టే. పైగా లెక్క కూడా సరిపోయిందాయె."

ఎనిమిదిమంది పిల్లలు ఎనిమిది తుపాకుల వెనక బోర్లా పడుకున్నారు. సుభానీ జేబులోంచి చిన్న రేకు బిళ్ళ తీశాడు. దాని మధ్యలో సన్నటి బెజ్జం. ఆ బెజ్జం కంటికి ఆనించుకుని ఆయన ఒక్కో తుపాకీకి ఎదురుగా పడుకోవాలి. అవతలి పిల్లవాడు ఆ బెజ్జానికే గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. చెయ్యి కదిలితే ఈయనకి కనపడుతుంది. గురి నేర్పడానికి అంతకు మించిన పద్ధతి లేదు.

మొదటి తుపాకీ టక్కుమంది. రెండోదీ, ఆ తర్వాతవీ అంతే. పున్నారావు ఖోఖాల పెట్టెకి తాళం వేస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. ఆఖరి బ్యాచ్‌లో కాల్చిన గోపిక.

"సార్, రెండొందలు ఎట్టా అయినయ్ సార్?"

"ఏంది?"

"నేను నాలుగే కాల్చా. అయిదోది లోపల పెట్టి గురి చూస్తుంటే మీరు విజిల్ వేసేశారు. అట్నే కింద పెట్టి లేచా. చెబితే అందరి ముందూ తిడతారని..."

పున్నారావు తుపాకుల వైపు తిరిగాడు. బస్సు హారన్ కొడుతోందని విజిల్ తొందరగా వేసింది తనే. ఆ ఒక్క బ్యాచ్ తుపాకుల బోల్టులు తీయకుండా వదిలేసిందీ తనే.

"నీ తుపాకీ ఏదే?"

"ఆ చివర్ది సార్."

సుభానీ అప్పటికే చివరి తుపాకీ ఎదుట పడుకుని ఉన్నాడు. "కంగారు పడమాక నాయనా. నా కన్ను చూసుకుని మెల్లగా నొక్కు," అంటున్నాడు. కుర్రాడి వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్ళింది.

అరిస్తే ప్రమోషనే కాదు, ఉద్యోగమూ పోతుంది. అది తెలిసే అరిచాడు పున్నారావు.

"వేలు తియ్! తియ్ రా! దాంట్లో తూటా ఉంది!"

కుర్రాడు బెదిరిపోయి చేతులు పైకెత్తేశాడు. సుభానీ లేచి వచ్చి, తుపాకీ గొట్టం క్వారీ గోడవైపు తిప్పి బోల్టు లాగాడు. పేలని తూటా ఒకటి టప్పున రాతిపొడిలో పడింది.

ఆయన దాన్ని తీసి, ఊది, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పెట్టె తాళం తీయించి, ఖోఖాల మధ్య దాన్ని మెల్లగా పెట్టాడు. ఆ తర్వాత రిజిస్టర్ పున్నారావు చేతికిచ్చాడు.

"కొట్టేసి మళ్ళీ రాయి, పున్నారావ్. ఇచ్చినవి రెండువందలు, తిరిగొచ్చినవి రెండువందల ఒకటి."